నీటిచక్రం వెంట వచ్చిన ఊరు

ఒక ఊరు ఎలా పుడుతుంది? సాగుకు నేల, తాగడానికి నీరు ఉన్నచోట జనం స్థిరపడతారు. ఇళ్లు వెలుస్తాయి. ఆ తరువాత చేతివృత్తులు, వ్యాపారాలు వస్తాయి. కాని స్కాట్లాండులోని న్యూ లనార్క్ కథ ఇందుకు తలకిందులు. అక్కడ ముందు నూలుమిల్లు వచ్చింది. దాని వెంట ఊరు వచ్చింది.

గ్లాస్గో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో క్లైడ్ నది ఇరుకైన, లోతైన లోయలో ప్రవహిస్తుంది. మంచు యుగంలో హిమానీనదాలు తెచ్చి పడవేసిన మట్టి, రాళ్లు నది పాతదారిని పూడ్చివేశాయి. మంచు కరిగాక నది కొత్తదారి పట్టి, ఎర్ర ఇసుకరాతిని కోసుకుంటూ సాగింది. అందువల్ల అక్కడ వరుసగా జలపాతాలు ఏర్పడ్డాయి. వాటిలో పెద్దదైన కోరా లిన్ ఎత్తు 25 మీటర్లకు పైనే. అటువంటి లోయ వ్యవసాయానికి అనువైనది కాదు.

మరి మిల్లుకు? 1769లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ నూలు వడికే యంత్రానికి పేటెంటు పొందాడు. రాట్నంపై మనం ఒక పోగు తీసేలోగా ఈ యంత్రం ఎన్నో పోగులు తీస్తుంది. అయితే దాన్ని ఆగకుండా తిప్పడానికి శక్తి కావాలి. నీటి నుంచి లభించే శక్తి రెండు విషయాలపై ఆధారపడుతుంది: సెకనుకు ఎంత నీరు వస్తోంది, ఆ నీరు ఎంత ఎత్తు నుంచి పడుతోంది. క్లైడ్ లోయలో ఈ రెండింటికీ కొదవలేదు.

గ్లాస్గో వర్తకుడు డేవిడ్ డేల్, ఆర్క్‌రైట్‌తో కలిసి 1785లో ఇక్కడ నిర్మాణం మొదలుపెట్టాడు. ఎగువన నదినీటిని కొంత మళ్లించి, కొండరాతిలో సొరంగం తొలిచి, కాలువగా మిల్లులకు తెచ్చారు. నది పల్లానికి దిగిపోతూ ఉంటుంది. కాలువ మాత్రం దాదాపు సమతలంగా సాగుతుంది. అందుచేత మిల్లు చేరేసరికి కాలువ నదికన్నా బాగా ఎత్తున ఉంటుంది. ఈ తేడాయే చక్రాలను తిప్పింది!

1786లో నూలు వడకడం ఆరంభమైంది. కాని పనివారేరి? 1791లో అమెరికాకు వలసపోతున్న స్కాట్లాండు పేదల ఓడ ఒకటి తుపానుకు చిక్కి వెనుదిరిగింది. వారిలో చాలామందికి డేల్ పని, ఇల్లు ఇచ్చాడు. నగరాల నుంచి అనాథ పిల్లలను కూడా తెచ్చారు. 1793 నాటికి ఇక్కడ పనిచేసేవారు దాదాపు 1,150 మంది. అందులో సుమారు 800 మంది పిల్లలే! పగలంతా మిల్లులో పని, సాయంత్రం బడి. అలసిన కళ్లకు అక్షరాలు ఎంతవరకు ఆనతాయి? వారు వడికిన దూదిని పండించినవారిలోనూ ఎక్కువమంది అట్లాంటిక్ ఆవలితీరపు బానిసలే.

1800లో డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్ మిల్లుల నిర్వహణ చేపట్టాడు. పదేళ్లలోపు పిల్లలను పనిలోకి తీసుకోవడం మాన్పించాడు. 1816లో కొత్త విద్యాలయం తెరిచి, పసిపిల్లలకు సైతం బడి ఏర్పాటు చేశాడు. అయినా మిల్లు లాభాలతోనే నడిచింది. పసివాళ్ల శ్రమ లేనిదే పరిశ్రమ నిలవదన్న వాదనకు అదే జవాబు.

ఆవిరియంత్రాలు వ్యాపించాక మిల్లులకు జలపాతాలతో పని లేకపోయింది. బొగ్గు దొరికే పట్టణాలకు అవి తరలాయి. న్యూ లనార్క్ మాత్రం 1968 వరకు నిలిచింది. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఇక మీ అట్లాసు తెరవండి. మీ ఊరు సరిగ్గా అక్కడే ఎందుకు వెలసిందో చెప్పగలరా?