నొక్కిన మీట ఎవరికి చేరాలి?

కంప్యూటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ తెరిచి, అందులో ఇంకో విండోస్ నడుపుతున్నామనుకుందాం. లోపలి విండోస్‌లోకి లాగిన్ కావాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కుతాం. తెర మారుతుంది, కానీ మారేది బయటి విండోస్ తెర. ఆల్ట్-ట్యాబ్ నొక్కితే ఒక్కోసారి లోపలి ప్రోగ్రాములు మారతాయి, ఒక్కోసారి బయటివి. కొత్తవాళ్లు దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుంటారు. అసలు సంగతి వేరు. కీబోర్డు ఒకటే, అది తమదేనని నమ్మే వ్యవస్థలు రెండు. దాదాపు 60 ఏళ్లుగా ఇంజనీర్లు తీరుస్తూ వస్తున్న తగవు ఇది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్‌లో ఈ కథ మొదలైంది. అక్కడి ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలోని బృందం సీపీ-40 అనే వ్యవస్థను తయారుచేసి, 1967లో వాడుకలోకి తెచ్చింది. ఉన్నది ఒక్క సిస్టమ్/360 యంత్రమే అయినా, టెర్మినల్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ పూర్తి కంప్యూటర్ తన చేతిలో ఉన్నట్టే కనిపించేది. దాని తర్వాత సీపీ-67, 1972లో వీఎం/370 వచ్చాయి. ఒక్కొక్కరికి కనిపించే ఈ వర్చువల్ యంత్రాలన్నిటి మీదా పెత్తనం కంట్రోల్ ప్రోగ్రామ్ అనే మూల సాఫ్ట్‌వేర్‌ది.

లోపలి ప్రోగ్రాం మొండికేస్తే వాడేవారు కంట్రోల్ ప్రోగ్రామ్‌తోనే మాట్లాడాలి. కానీ టెర్మినల్‌లో కొట్టే అక్షరాలన్నీ లోపలి యంత్రానికే పోతున్నాయి. అందుకని ఒక మీటను ప్రత్యేకించారు. టైప్‌రైటర్ లాంటి టెర్మినళ్ల కాలంలో అది అటెన్షన్ మీట. 3270 తెరలు వచ్చాక ఆ పని పీఏ1 మీటకు అప్పగించారు. అది నొక్కితే లోపలి యంత్రాన్ని దాటి పైవాడితో నేరుగా మాట్లాడవచ్చు. వర్చువల్ మెషీన్లు ఎన్ని రూపాలు మార్చినా ఈ ఏర్పాటు మాత్రం వాటిని వదల్లేదు.

ఈ కథలో రెండో పాయ ఫ్లోరిడాలోని బోకా రటోన్‌లో పుట్టింది. 1981 ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీని తయారుచేసిన బృందంలో డేవిడ్ బ్రాడ్లీ ఒకరు. పరీక్షలు చేస్తుండగా యంత్రం బిగుసుకుపోతే కరెంటు తీసి మళ్లీ పెట్టాలి. పెట్టిన ప్రతిసారీ అది మెమరీ మొత్తం పరీక్షించుకునేదాకా ఆగాలి. ఆ జాప్యం తప్పించడానికి ఆయన మీటల కలయికతో రీస్టార్ట్ చేసే మార్గం రాశారు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిసి పడగానే యంత్రంలోని మూల ప్రోగ్రాం అయిన బయోస్, మెమరీలో ఒకచోట 1234 అనే గుర్తు పెట్టి యంత్రాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. ఆ గుర్తు కనిపిస్తే మెమరీ పరీక్ష అక్కర్లేదని అర్థం. మొదట అనుకున్నది డిలీట్ కాదు, ఎస్కేప్. మూడు మీటలూ ఎడమవైపే ఉంటే పొరపాటున ఒక్క చేయి తగిలినా పని పోతుందని, కుడి కొసన ఉన్న డిలీట్‌ను తీసుకున్నారు.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఈ కలయికకు కొత్త బాధ్యత అప్పగించింది. అసలు లాగిన్ తెరలాగే కనిపించే దొంగ తెర ఒకటి తయారుచేసి ఎవరైనా పాస్‌వర్డ్ కాజేయవచ్చు. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కితే అది నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ మూలానికే చేరుతుంది, మామూలు ప్రోగ్రాం ఏదీ దాన్ని మధ్యలో అడ్డగించలేదు. కాబట్టి ఆ మీటల తర్వాత వచ్చిన తెరను నమ్మవచ్చు.

1999లో వీఎంవేర్ సంస్థ మామూలు పీసీలకు వర్చువల్ మెషీన్‌ను తెచ్చేసరికి ఈ రెండు పాయలూ ఢీకొన్నాయి. బయటి కంప్యూటర్ అంటే హోస్ట్, లోపలిది గెస్ట్. హోస్ట్ దృష్టిలో వర్చువల్ మెషీన్ కూడా ఒక మామూలు ప్రోగ్రామే. దొంగ తెరలకు అందకూడదని దాచిన మీటలు దానికి మాత్రం ఎలా అందుతాయి? అందుకే ప్రత్యామ్నాయాలు పుట్టాయి. వీఎంవేర్‌లో డిలీట్ బదులు ఇన్సర్ట్ నొక్కాలి. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఎండ్ నొక్కాలి. వర్చువల్‌బాక్స్ విండోస్, లైనక్స్‌లలో కుడివైపు కంట్రోల్‌ను హోస్ట్ కీగా కేటాయించింది. దాంతోపాటు డిలీట్ నొక్కితే మూడు మీటల సంకేతమూ గెస్ట్‌కు వెళుతుంది.

ఆ సంకేతం ఎలా వెళుతుందో దగ్గరగా చూద్దాం. పీసీ కీబోర్డు భాషలో మీటకు అక్షరం ఉండదు, సంఖ్య ఉంటుంది. ఎడమ ఆల్ట్‌కు 56. నొక్కినప్పుడు 56, వదిలినప్పుడు దానికి 128 కలిపి 184 వెళుతుంది. వర్చువల్ మెషీన్ ఈ సంఖ్యలను లేని కీబోర్డు చిప్‌లో ఉన్నట్టు పెట్టి గెస్ట్‌ను పిలుస్తుంది. ఇక్కడే ఒక్కోసారి చిక్కు వస్తుంది. గెస్ట్‌లో ఆల్ట్ నొక్కాం, 56 చేరింది. వెంటనే ట్యాబ్‌ను హోస్ట్ లాక్కుని వేరే ప్రోగ్రాంలోకి తీసుకుపోయింది. వేలు తీసినప్పుడు రావలసిన 184 హోస్ట్‌కే పోయింది. గెస్ట్ దృష్టిలో ఆల్ట్ ఇంకా నొక్కే ఉంది, తిరిగి వచ్చి ఏ అక్షరం కొట్టినా మెనూ ఏదో తెరుచుకుంటుంది. ఆల్ట్‌ను ఒకసారి నొక్కి వదిలితే చిక్కు విడిపోతుంది. మంచి వర్చువల్ మెషీన్ అయితే దృష్టి పక్కకు మళ్లగానే ఆ 184ను తానే పంపేస్తుంది.

తెలుగులో టైపు చేసేవారికీ ఈ సంఖ్యలతో పని ఉంది. కే మీట సంఖ్య 37. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో దాని మీద ‘క’ ఉంటుంది. హోస్ట్‌లో తెలుగు పెట్టుకున్నా గెస్ట్‌కు సాధారణంగా వెళ్లేది ‘క’ కాదు, 37. గెస్ట్‌లో కూడా తెలుగు కీబోర్డు ఎంచుకుంటేనే అది ‘క’ అవుతుంది.

ఇటీవలి లైనక్స్‌లో తెరనూ మీటలనూ ప్రోగ్రాములకు పంచే వేలాండ్ వ్యవస్థ ఇంకో అడుగు వేసింది. మీటలన్నీ తనకే కావాలని వర్చువల్ మెషీన్ అడిగితే, గ్నోమ్ డెస్క్‌టాప్ మన అనుమతి కోరుతుంది. ఒప్పుకున్నాక కూడా సూపర్-ఎస్కేప్ నొక్కి ఆ హక్కును వెనక్కి తీసుకోవచ్చు. కేంబ్రిడ్జ్‌లో అటెన్షన్ మీట చేసిన పనే ఇక్కడ ఇంకో రూపంలో జరుగుతోంది.

అనుమానాస్పదమైన ఫైళ్లను చాలామంది వర్చువల్ మెషీన్‌లోనే తెరిచి చూస్తారు. తెర నిండా పరచుకున్న గెస్ట్, హోస్ట్ తెరను అచ్చుగుద్దినట్టు గీసి చూపించగలదు. అప్పుడు కంటిని నమ్మలేం, గెస్ట్ చేతికి చిక్కని మీటనే నమ్మగలం. కాబట్టి వర్చువల్ మెషీన్ పెట్టుకున్న రోజే దానినుంచి బయటికి తెచ్చే మీట ఏదో నేర్చుకోండి. షార్ట్‌కట్లన్నీ లోపలికే పంపమని సెట్టింగ్ మార్చుకున్నా, ఆ ఒక్కదాన్ని మాత్రం ఎప్పుడూ మీ దగ్గరే ఉంచుకోండి.