దివానుదేవిడి వస్తుసంపద

ప్రాచీనగృహమున అమూల్యవస్తువు లుండుట వేఱు. అవి యెట్టివో, ఎచటివో యెఱిగియుండుట వేఱు. ఈ భేదమునకు హైదరాబాదులోని దివానుదేవిడి చక్కని నిదర్శనము.

నిజాము సంస్థానమున దివానులైన సాలార్‌జంగు వంశీయుల నివాసమది. మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండెను. ఆయన మనుమడగు మూడవ సాలార్‌జంగు మీర్‌ యూసుఫ్‌ అలీఖాన్‌ తన ధనమును కళావస్తువుల సేకరణకు ధారపోసెను. 1949 మార్చి 2వ తేదీన ఆయన సంతానము లేకయే మరణించెను. ఇక నా వస్తువుల గతి యేమి? యజమాని మనస్సున నున్న పట్టిక యజమానితోనే పోవును గదా!

అప్పటి హైదరాబాదు ముఖ్యపాలకుడు వెల్లోడి, వస్తువులను క్రమపఱచుటకు మదనపల్లి కళాశాలలో పనిచేసి ఆంధ్రులకు పరిచితుడైన ఐర్లండు కవి జేమ్స్‌ కజిన్స్‌ సాయము కోరెను. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ దేవిడిలోనే ప్రదర్శనశాలను ప్రారంభించెను. 1958లో వారసులు న్యాయస్థానము ద్వారా తమ హక్కులను వదలుకొనిరి. 1961 నాటి శాసనముతో అది జాతీయప్రాముఖ్యముగల సంస్థ యయ్యెను.

వస్తువులు 40,000లకు పైబడినవి. ఒక్కొక్కదానికి సంఖ్య, కొలతలు, ద్రవ్యము, పనితనము, వ్రాత, లోపము వ్రాయవలెను. బీదరు పాన్‌దాన్‌ను 'నల్లని లోహపు పెట్టె' యని వ్రాసినచో సగము చరిత్ర నశించును. అది తుత్తునాగమున రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోటమట్టితోను నవాసాగరముతోను నలుపెక్కించిన వస్తువు. వెండితీగ పొదిగినది తారకషీ. రేకు పొదిగినది తహనిషాన్‌. ఈ పేర్లు పట్టికలో నుండవలెను.

వ్రాతలు కొన్నిచోట్ల తోడ్పడును. వింటినారి లాగునపుడు బొటనవ్రేలికి తొడుగు జేడురాతి యుంగరముపై షాజహాను బిరుదము చెక్కబడియున్నది. కాని పేరుండినంతమాత్రమున సందేహము తీరదు. గంటగంటకు బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు ప్రసిద్ధమైన గడియారము కలకత్తా వర్తకులైన కుక్‌ అండ్‌ కెల్వీ పేరుతో ప్రఖ్యాతమైనను, అది ఇంగ్లండున తయారై యిచట కూర్పబడినది. ముసుగు రెబెక్కా విగ్రహమును చెక్కిన ఇటలీ శిల్పి బెంజోనీ దానికి పెక్కుప్రతులు చేసెను. కావున శిల్పి పేరు చాలదు. ఇది 1876లో మొదటి సాలార్‌జంగు రోములో కొన్న ప్రతి యని వ్రాసిననే దాని యునికి స్పష్టమగును.

గృహసంపదకు మఱియొక వివర మావశ్యకము: ఏ వస్తువు ఏ గదిలో, దేని ప్రక్క నుండెను? ప్రదర్శనశాలలో పింగాణి పింగాణితోను, ఆయుధము ఆయుధముతోను చేరును. ఇంటిలో నట్లు కాదు. భోజనశాలలో పాత్రయు, దీపమును, తివాచియు కలసి ఒక జీవనవిధానమును చెప్పును. 1968లో వస్తువులు మూసీతీరమందలి నూతనభవనమున కేగినవి. పిదప దేవిడి కూల్చబడినది. ద్వారములు మాత్రము మిగిలినవి. ఇక ఆ గదుల యమరిక తెలియుటకు వ్రాతయు ఛాయాచిత్రమును దప్ప వేఱు దిక్కు లేదు.

తెలుగునాట పాతలోగిళ్లలో నేటికిని ఉయ్యాలబల్లలు, భోషాణములు, గంధపుగిన్నెలు కలవు. పెద్దలు జీవించియుండగనే అవి యెవరు తెచ్చినవో, ఎచట నుండెడివో యడిగి వ్రాసికొనుట యే యింటికైన సాధ్యమే. దానికి విశేషధన మక్కఱలేదు. ఒక పుస్తకమును, కొంత యోపికయు చాలును.