బాసు వచ్చిన దారి

అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించి, వాశిష్ఠ గోదావరి సాగరమున లీనమగు సంగమస్థలమున నిలిచి, ఎగువగా ఆవలి గట్టుననున్న నరసాపురపు దిక్కునకు చూచునపుడెల్ల నాకొక చిన్న మాట స్ఫురించుచుండును. ఇంటిలోనైనను కచేరీలోనైనను ఎవరును కోరకయే అందరికిని ఆజ్ఞలిచ్చుచుండు మనిషిని ఆంగ్లేయులు చనువుగా ‘బాసీబూట్స్’ అందురు. ఇందలి బూట్లకు పాదములతో పనిలేదు. టక్కరిని ‘స్లైబూట్స్’ అన్నట్లే, మనిషి యను అర్థమున తగిలించిన తోక యది. పదమునకు ప్రాణము ‘బాస్’. ఆ బాస్ పుట్టుకచే ఆంగ్లము కాదు, డచ్చి.

డచ్చి వాడుకలో పనివారిపైనుండు మేస్త్రి బాస్. ఓడలు కట్టుచోట పెద్దవడ్రంగియు బాసే. పదునేడవ శతాబ్దిలో డచ్చివారు పాలకొల్లునను ద్రాక్షారామమునను వర్తకస్థానములు నెలకొల్పిరి. నరసాపురము నాడు ఓడల నిర్మాణమునకు పేరుగాంచిన రేవు. కావున ఈ మాట మన గోదావరి గాలిలో ఏనాడో ధ్వనించియే యుండవలెను. అయినను మనకది అంటలేదు. 1825లో పాలకొల్లు ఆంగ్లేయుల పరమయ్యెను. డచ్చివారి పలుకులలో మన నాలుకలపై నిలిచినవి పేకముక్కల పేర్లు, కళావరును ఆఠీనును. బాసు మాత్రము భూగోళమును చుట్టి వచ్చెను.

1664లో ఆంగ్లేయుల చేజిక్కి న్యూయార్కైన పట్టణము అంతకుముందు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అను డచ్చి వలస. అమెరికాలో బానిసలు తమ యజమానిని ‘మాస్టర్’ అని పిలువవలసియుండుటచే, ఆ పిలుపే తమ నోట వెలువడుట స్వతంత్రులైన తెల్లకూలీలకు అవమానముగా తోచి, వారు డచ్చివారి ‘బాస్’ను చేపట్టిరి. దాస్యస్మృతిని తప్పించుకొనుటకై ఎన్నుకొన్న మాట నుండియే పందొమ్మిదవ శతాబ్దిలో ‘బాసీ’ యను నింద పుట్టుట నన్ను మిక్కిలి కలచివేయును.

మన ‘పెత్తనము’ కథయు ఇట్టిదే. అది ‘పెద్దతనము’, వయస్సునకును వివేకమునకును లోకమిచ్చిన గౌరవము. నడుమనున్న అక్షరము అరిగిపోయిన కొలది గౌరవము సన్నగిల్లి అధికారము మిగిలెను. దానికి పారసీకమునుండి వచ్చిన ‘దారు’ చేరి పెత్తందారు సిద్ధమయ్యెను. ఊరిలో ఆజ్ఞాపించు మగవానికి ఈ మాటలో కొంత హోదాయైనను మిగిలినది. ఆడుదానికి అదియు దక్కలేదు, ఆమె ‘గయ్యాళి’. ఆంగ్లమునను అంతే: ఆజ్ఞాపించు పురుషుడు బాస్, ఆజ్ఞాపించు బాలిక బాసీ. ఈ భేదము అన్యాయమని నా దృఢాభిప్రాయము. కాకినాడ చేరువ 1924లో జన్మించి, తెరపై గయ్యాళి పాత్రలకు జీవము పోసిన మహానటి పేరే, నోరున్న ప్రతి అత్తకును బిరుదై, ‘ఆవిడ ఉత్త సూర్యకాంతం’ అని మన యిండ్లలో నేటికిని వినవచ్చుచున్నది.