బ్రౌన్ బంగ్లా నుంచి క్లౌడ్ దాకా... మన పుస్తకం ఎక్కడుంది?

కడపలో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్న కుర్రాడొకడికి రాయలసీమ చరిత్ర మీద ఓ పాత పుస్తకం కావాలి. దగ్గర్లోని లైబ్రరీకి పోతే ‘లేదప్పా’ అన్నారు. అదే పుస్తకం ప్రొద్దుటూరులోనో, యూనివర్సిటీలోనో ఉండొచ్చు. తెలిసేదెట్లా? ఏ థియేటర్లో ఏ సీటు ఖాళీగా ఉందో ఫోన్లో క్షణంలో తెలుస్తుంది. పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలుసుకోవాలంటే మాత్రం బస్సెక్కాల్సిందే!

ఈ తిప్పలు కడపకు కొత్తేం కాదు. 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్‌దీ ఇదే సమస్య. తెలుగు కావ్యాలు ఊరూరా తాళపత్రాల్లో చెల్లాచెదురుగా ఉండేవి. ఆయన వాటిని సేకరించి, కడపలోని తన బంగ్లాలో పండితులకు సొంత డబ్బు జీతంగా ఇచ్చి, ప్రతుల్ని పోల్చి, తప్పులు దిద్ది, శుద్ధ ప్రతులు రాయించారు. ఆ బంగ్లా స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల, ఇప్పుడు బ్రౌన్ పేరిట గ్రంథాలయం నడుస్తోంది.

చెదిరినదాన్ని ఒకచోట చేర్చే ఆ పనినే ఇప్పుడు క్లౌడ్ చేయగలదు. మామూలుగా లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోని ఒక కంప్యూటర్లో ఉంటుంది. ఆ హార్డ్ డిస్క్ పోయిందా, బ్యాకప్ లేకపోతే ఏళ్ల తరబడి ఎక్కించిన వివరాలన్నీ పోయినట్టే. క్లౌడ్‌లో అయితే చాలా లైబ్రరీలకు ఒకే డేటాబేస్. ఒక లైబ్రరీ ఒక పుస్తకం వివరాలు ఎక్కిస్తే, మిగతావాళ్లు మళ్లీ టైప్ చేయక్కర్లేదు. పాఠకుడు ఇంట్లో కూర్చుని ఫోన్లోనే వెతుక్కోవచ్చు.

ఇది ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వానికి చెందిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ‘ఈ-గ్రంథాలయ’ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. పాత 3.0 వెర్షన్ లైబ్రరీ సొంత కంప్యూటర్లలో నడిచేది. 4.0 వెర్షన్ వెబ్‌లో నడుస్తుంది. కొన్ని లైబ్రరీలు ఒక గుంపుగా చేరి ఒకే డేటాబేస్ వాడుకోవచ్చు.

‘మన డేటా మన దగ్గరుంటేనే భద్రం కదా?’ అనిపిస్తుంది. 2023 అక్టోబరులో లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగింది. ఆన్‌లైన్ క్యాటలాగ్ మళ్లీ కనబడేసరికి 2024 జనవరి వచ్చింది. తర్వాత ఆ లైబ్రరీ ఇచ్చిన సొంత నివేదిక ప్రకారం, బాగా దెబ్బతిన్నవి దాని దగ్గరున్న పాత సిస్టమ్‌లే. క్లౌడ్‌లో ఉన్న జీతాలు, ఖాతాల లెక్కలు మామూలుగానే నడిచాయి. దగ్గరున్నంత మాత్రాన భద్రం కాదన్నమాట!

అలాగని క్లౌడ్‌లో పడేస్తే పని అయిపోదు. అసలు కష్టం తెలుగులోనే ఉంది. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన పేర్లు యూనికోడ్‌లోకి మారకపోతే, ‘వేమన’ అని వెతికితే ఏమీ రాదు. ఒకచోట ‘వేమన పద్యాలు’, ఇంకోచోట అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఒకే పుస్తకం రెండుగా కనబడుతుంది. వీటిని సరిచేయడానికి తెలుగు తెలిసిన మనిషి కూర్చోవాలి. బ్రౌన్ పండితుల చేత చేయించింది అచ్చంగా ఇలాంటి పనే.

కాబట్టి మీ లైబ్రరీ క్లౌడ్‌కి మారుతోందంటే మూడు ప్రశ్నలు అడగండి. డేటా మొత్తం ‘మార్క్ 21’ లాంటి అందరూ వాడే ఫార్మాట్‌లో ఎప్పుడంటే అప్పుడు తిరిగి తీసుకోవచ్చా? బ్యాకప్ ఇంకోచోట ఉందా? ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న వివరం ఎవరి కంట పడుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో మన ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్ కూడా కడుతున్నాం. అంటే ఆ బీరువాల్లో మనకూ వాటా ఉంది. అడిగే హక్కూ ఉంది. మరి ఈసారి లైబ్రరీకి పోయినప్పుడు అడుగుతారా?