ఎర్లీ వోల్టేజీ: గీత పొడిగించే ముందు తెలుసుకోవాల్సినవి

ఈసీఈ చదివినవాళ్లలో కామన్ ఎమిటర్ ప్రయోగం చేయనివాళ్లు ఉండరు. బేస్ కరెంటును ఒకచోట నిలిపి, కలెక్టర్–ఎమిటర్ వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, కలెక్టర్ కరెంటు రీడింగులు రాసుకుని, గ్రాఫ్ షీటు మీద గీతలు గీస్తారు. బేస్ కరెంటు మార్చి మళ్లీ అదే పని. ల్యాబ్‌లో పూటంతా పట్టే ఈ పనిని ఇప్పుడు సర్క్యూట్లను కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసే స్పైస్ సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో చేసిపెడుతోంది. ఆ గీతల్ని ఎడమవైపుకు పొడిగిస్తే వోల్టేజీ అక్షాన్ని నెగటివ్ వైపు ఎక్కడో తాకుతాయి. సున్నా నుంచి అక్కడికున్న దూరమే ఎర్లీ వోల్టేజీ.

నిర్వచనం ఇంతే. అయినా ల్యాబ్‌లో పాఠం చెప్పే నాకు ఏటా వైవాలో ఈ ఒక్క ప్రశ్న దగ్గరే వింత జవాబులు వస్తుంటాయి. వాటిని ఏళ్ల తరబడి విన్నాక తప్పు పిల్లలది కాదని తేలింది. మేం బోర్డు మీద గీసే బొమ్మలోనే సగం అపోహలు ఉన్నాయి. మిగతా సగం సిమ్యులేషన్ మీద పెట్టుకున్న గుడ్డి నమ్మకం నుంచి పుట్టాయి.

అపోహ: ‘ఎర్లీ’ అంటే ముందుగా అని. ట్రాన్సిస్టర్ తొందరగా దెబ్బతినే వోల్టేజీ అది.

వాస్తవం: ఎర్లీ ఒక మనిషి ఇంటిపేరు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జేమ్స్ ఎం. ఎర్లీ 1952 నవంబరులో ‘ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఐఆర్‌ఈ’లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. జంక్షన్ ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్ వోల్టేజీ పెరిగితే లోపల ఏం జరుగుతుందో అందులో వివరించారు. దాన్నే ఎర్లీ ప్రభావం అంటున్నాం.

బ్రేక్‌డౌన్‌తో దీనికి సంబంధం లేదు. 2ఎన్3904 ట్రాన్సిస్టర్ కలెక్టర్–ఎమిటర్ మధ్య తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ 40. దాని ఎర్లీ వోల్టేజీగా మోడళ్లలో కనిపించే అంకె 74 లేదా 100. అంటే ట్రాన్సిస్టర్ తట్టుకోగల వోల్టేజీ కంటే ఎర్లీ వోల్టేజీయే పెద్దది. అది సర్క్యూట్‌లో ఏ రెండు కాళ్ల మధ్యా కొలవగలిగేది కాదు. గీత ఎంత వాలుగా ఉందో చెప్పడానికి వోల్టుల్లో రాసుకున్న ఒక కొలమానం, అంతే.

అపోహ: యాక్టివ్ ప్రాంతంలో గీతలు నేలకు సమాంతరంగా ఉంటాయి. కలెక్టర్ కరెంటు బేస్ కరెంటు మీదే ఆధారపడుతుంది.

వాస్తవం: కలెక్టర్ వోల్టేజీ పెరిగేకొద్దీ బేస్–కలెక్టర్ జంక్షన్ మీద రివర్స్ బయాస్ పెరుగుతుంది. అక్కడి డిప్లీషన్ పొర వెడల్పై బేస్‌లోకి కొంత చొచ్చుకొస్తుంది. ఎలక్ట్రాన్లు దాటాల్సిన బేస్ ఆ మేరకు పలచబడుతుంది. దూరం తగ్గితే ఎలక్ట్రాన్ల సాంద్రత వాలు నిటారవుతుంది, కరెంటు పెరుగుతుంది. అందుకే గీత ఎప్పుడూ కాస్త పైకే పోతుంది.

మరి ల్యాబ్ రికార్డుల్లో గీతలన్నీ స్కేలు పెట్టి అడ్డంగా గీసినట్టు ఎందుకుంటాయి? ఎర్లీ వోల్టేజీ 100 ఉంటే 3 మిల్లీ ఆంపియర్ల దగ్గర, వోల్టేజీ 5 నుంచి 10కి పెరిగితే కరెంటులో వచ్చే తేడా 0.15 మిల్లీ ఆంపియర్లు. మీటరు మీద ఒక్కో చిన్న గడి 0.2 అయితే ఆ తేడా కంటికి ఆనదు. పైగా పుస్తకంలోని బొమ్మ ముందే మనసులో ఉంటుంది. రీడింగు కొద్దిగా పెరిగినా ‘మీటరు లోపం’ అనుకుని సరిదిద్దేస్తారు. అలా చెరిపేసిన ఆ కొంచెమే ఈ ప్రయోగంలో అన్నిటికంటే విలువైన రీడింగు.

అపోహ: సిమ్యులేషన్ చేస్తే ఆ ట్రాన్సిస్టర్ అసలు ఎర్లీ వోల్టేజీ తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది ఇదే. స్పైస్‌కు ట్రాన్సిస్టర్ తెలియదు, మోడల్ ఒక్కటే తెలుసు. బెల్ ల్యాబ్స్‌లోనే గుమ్మెల్, పూన్ అనే ఇద్దరు 1970లో ప్రకటించిన సమీకరణాల ఆధారంగా ఆ మోడల్ నడుస్తుంది. అందులో వీఏఎఫ్ అని ఒక పరామితి ఉంటుంది. ఫార్వర్డ్ ఎర్లీ వోల్టేజీ అంటే అదే. మీరు గీతలు గీయించి, పొడిగించి, చివరికి కనిపెట్టేది మోడల్ రాసినవాళ్లు ముందే అక్కడ పెట్టిన ఆ అంకెనే. డబ్బాలో మనమే దాచిన రూపాయిని మనమే తీసి చూసుకున్నట్టు.

ఆ అంకె ఎంత నమ్మదగిందో చూడండి. స్పైస్‌లో ఒక రకమైన ఎల్‌టీస్పైస్‌తో వచ్చే మోడల్ లైబ్రరీలో 2ఎన్3904కి వీఏఎఫ్ 100. మరో రకమైన పీస్పైస్‌తో వచ్చిన లైబ్రరీలో అదే ట్రాన్సిస్టర్‌కి 74.03. పోనీ ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుకుందామా? అదే ఎల్‌టీస్పైస్‌లో 2ఎన్2222కి కూడా సరిగ్గా 100 ఉంటుంది. పీస్పైస్‌లో 2ఎన్2222కి కూడా సరిగ్గా 74.03 ఉంటుంది. రెండు వేర్వేరు ట్రాన్సిస్టర్లకు రెండో దశాంశం దాకా ఒకే అంకె ఉందంటే, అది మీ చేతిలో ఉన్న ముక్కను కొలిచి రాసింది కాదని అర్థమవుతూనే ఉంది.

డేటాషీట్ అయినా చెబుతుందా అంటే, అందులో సాధారణంగా ఎర్లీ వోల్టేజీ అన్న మాటే ఉండదు. దాని బదులు అవుట్‌పుట్ అడ్మిటెన్స్ ఇస్తారు. 2ఎన్3904కి 1 మిల్లీ ఆంపియర్, 10 వోల్టుల దగ్గర అది 1 నుంచి 40 మైక్రోమోల మధ్య ఎంతైనా ఉండొచ్చని రాశారు. లెక్క కడితే ఎర్లీ వోల్టేజీ సుమారు పాతిక నుంచి వెయ్యి వోల్టుల దాకా ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. తయారీదారు ఇంత వెడల్పు హద్దులు పెట్టుకున్నచోట, సిమ్యులేషన్ ఇచ్చిన ఒక్క అంకెను రికార్డులో ‘ఫలితం’ అని రాయడం సరికాదు. ‘మోడల్‌లో ఉన్న వీఏఎఫ్‌ను సరిచూశాం’ అని రాయాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీఏఎఫ్ ఇవ్వకపోతే స్పైస్ దాన్ని అనంతంగా తీసుకుంటుంది. కొందరు ఎన్‌పీఎన్ బొమ్మను తెచ్చి పెట్టి, ఫలానా ట్రాన్సిస్టర్ అని ఎంచుకోకుండానే రన్ చేస్తారు. గీతలు నున్నగా అడ్డంగా వస్తాయి. ‘పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది సార్’ అని సంతోషిస్తారు. అక్కడ ఎర్లీ ప్రభావం లేకపోవడానికి కారణం దాన్ని ఎవరూ పెట్టకపోవడమే.

అపోహ: స్వీప్‌ను మైనస్ 100 వోల్టుల నుంచి మొదలుపెడితే గీతలన్నీ కలిసే చోటు తెర మీద కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. వోల్టేజీ సున్నాకు చేరేలోపే ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లో పడుతుంది, గీత నిట్టనిలువునా కిందికి దిగుతుంది. సున్నా దాటితే కలెక్టర్, ఎమిటర్ల పాత్రలు తారుమారై కరెంటు దిశే మారుతుంది. ఆ కలిసే చోటు ఊహలోది. యాక్టివ్ ప్రాంతంలోని తిన్నని భాగాన్ని స్కేలుతో వెనక్కి పొడిగిస్తేనే అది దొరుకుతుంది.

అపోహ: గీత మీద ఏ రెండు బిందువులు తీసుకున్నా ఒకటే.

వాస్తవం: కాదు. గీత వంగే మోకాలు దగ్గరి బిందువు తీసుకుంటే శాచురేషన్ ఛాయలు అంటుకుని ఎర్లీ వోల్టేజీ మరీ చిన్నదిగా వస్తుంది. కనీసం ఒకటి రెండు వోల్టులు దాటాకే మొదలుపెట్టాలి. నిజమైన ట్రాన్సిస్టర్ మీదైతే బ్రేక్‌డౌన్ వైపు కూడా పోకూడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎల్‌టీస్పైస్ 2ఎన్3904 మోడల్ అంకెలతో, బేస్ కరెంటు 10 మైక్రో ఆంపియర్లుగా పెట్టి, సమీకరణం ప్రకారం లెక్క కడితే 5 వోల్టుల దగ్గర కలెక్టర్ కరెంటు 3.106 మిల్లీ ఆంపియర్లు, 10 వోల్టుల దగ్గర 3.255 వస్తాయి. వాలు వోల్టుకు 0.0298. 3.106ను దానితో భాగిస్తే 104.2. అందులోంచి 5 తీసేస్తే 99.2. వీఏఎఫ్ 100 కదా, ఆ ముప్పావు వోల్టు ఎటు పోయిందని అడిగిన విద్యార్థిని నేను ప్రత్యేకంగా మెచ్చుకుంటాను. మోడల్ లెక్కలోకి తీసుకునేది బేస్–కలెక్టర్ వోల్టేజీని. మనం గ్రాఫులో గీసేది కలెక్టర్–ఎమిటర్ వోల్టేజీని. రెంటికీ మధ్య తేడా బేస్–ఎమిటర్ వోల్టేజీ, సుమారు 0.68. మిగతాది అంకెలు కుదించడం వల్ల వచ్చింది.

స్కేలుతో గీయడం కంటే మంచి దారి ఒకటుంది. ఎల్‌టీస్పైస్ గ్రాఫు కిటికీలో కలెక్టర్ కరెంటును దాని డెరివేటివ్‌తో భాగించి, అందులోంచి కలెక్టర్ వోల్టేజీని తీసేసే సూత్రం రాయండి. ప్రతి బిందువు దగ్గరా ఎర్లీ వోల్టేజీ ఎంతో నేరుగా గీస్తుంది. ఆ గీత ఎక్కడ చదునుగా ఉంటే అక్కడి వరకే మీ అంకె చెల్లుతుంది. ఎక్కడ వంగితే అక్కడ శాచురేషన్ మొదలైనట్టు.

అపోహ: బల్ల మీద కొలత సిమ్యులేషన్‌తో కలవకపోతే కొలతే తప్పు.

వాస్తవం: ఒక్కోసారి కొలతే నిజం చెబుతుంది. పై ఉదాహరణలో 5 వోల్టుల దగ్గర ట్రాన్సిస్టర్ 15 మిల్లీవాట్లకు పైగా, 10 వోల్టుల దగ్గర 32 మిల్లీవాట్లకు పైగా వేడిగా మారుస్తోంది. ప్లాస్టిక్ తొడుగున్న 2ఎన్3904కి ఉష్ణ నిరోధం వాట్‌కు 200 డిగ్రీలు. అంటే రెండు రీడింగుల మధ్య లోపలి చిప్ మూడున్నర డిగ్రీల దాకా వేడెక్కుతుంది. బీటా, అంటే కరెంటు గెయిన్, డిగ్రీకి అర శాతం పెరుగుతుందనుకుంటే కరెంటు మరో 1.7 శాతం పెరుగుతుంది. ఎర్లీ ప్రభావం తెచ్చిన పెరుగుదల 4.8 శాతమే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రెండూ కలిసిపోయి, అసలు 100 ఉన్నచోట 70 చుట్టూ అంకె వస్తుంది. మామూలు స్పైస్ మోడల్ చిప్‌ను 27 డిగ్రీల దగ్గరే నిలిపి ఉంచుతుంది, దానికి ఈ వేడి తెలియదు. కర్వ్ ట్రేసర్లలో వోల్టేజీని చిన్న చిన్న పల్స్‌లుగా ఇచ్చే ఏర్పాటు పెట్టింది ఇందుకే. మీ దగ్గర మల్టీమీటరే ఉంటే కరెంటు తగ్గించి కొలవండి, రీడింగుల మధ్య చిప్ చల్లారనివ్వండి.

అపోహ: ఎర్లీ ప్రభావం పరీక్షలో మార్కులకే, సర్క్యూట్‌లో దాన్ని వదిలేయొచ్చు.

వాస్తవం: ఒక్క ట్రాన్సిస్టర్ ఇవ్వగల గరిష్ఠ వోల్టేజీ గెయిన్‌ను నిర్ణయించేది ఇదే. ఎర్లీ వోల్టేజీని థర్మల్ వోల్టేజీతో భాగిస్తే ఆ గెయిన్ వస్తుంది. 100ను 0.0259తో భాగిస్తే సుమారు 3,860. ఇందులో కరెంటు ఊసే లేదని గమనించండి. బయాస్ ఎంత మార్చినా ఈ పైకప్పు కదలదు. మామూలు కరెంట్ మిర్రర్‌లో రెండు కలెక్టర్ల మధ్య 10 వోల్టుల తేడా ఉంటే, ఎర్లీ వోల్టేజీ 100 అయితే, కరెంటులో దాదాపు 10 శాతం తప్పు వస్తుంది. ఈ తప్పును తగ్గించడానికే విల్సన్ మిర్రర్, క్యాస్కోడ్ వంటివి వాడతారు. మాస్‌ఫెట్‌లో కారణం వేరు, అక్కడ పలచబడేది బేస్ కాదు, పొట్టిదయ్యేది ఛానల్. గీతలు చూడ్డానికి మాత్రం ఇలాగే ఉంటాయి.

జేమ్స్ ఎర్లీ ఈ సమస్యను చెప్పి వదిలేయలేదు. బేస్‌కు, కలెక్టర్‌కు మధ్య దాదాపు డోపింగ్ లేని పొర పెట్టే ట్రాన్సిస్టర్‌ను 1954లో వివరించారు. డిప్లీషన్ పొర బేస్‌లోకి బదులు ఆ పొరలోకి విస్తరిస్తుంది. ఈనాటి ట్రాన్సిస్టర్లలో కలెక్టర్‌ను బేస్ కంటే తేలిగ్గా డోప్ చేయడంలో పనిచేసేదీ ఆ సూత్రమే.

కాబట్టి ఈసారి స్పైస్ తెరిచినప్పుడు రన్ నొక్కే ముందు మోడల్ ఫైలు తెరిచి వీఏఎఫ్ ఎంతుందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే గీతలు గీయించండి. వీలైతే అదే ట్రాన్సిస్టర్‌ను బల్ల మీద పెట్టి కూడా కొలవండి. రెండు అంకెల్నీ పక్కపక్కన రికార్డులో రాయండి, కలవకపోతే కలవలేదనే రాయండి. అలా రాసిన విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేస్తాను.