దూరదేశంలో దొరికిన పిన్నమ్మ

పిల్లలను పై చదువుల కోసం విదేశాలకు పంపే కుటుంబాలు ఇప్పుడు పట్టణాలలోనే కాదు, మన పల్లె సంఘాలలో కూడా కనబడుతున్నాయి. పొలం కుదువబెట్టి, బ్యాంకులో అప్పు తీసికొని, ఇంటిలో ప్రార్థన పెట్టించుకొని పంపుతున్నారు. విమానం ఎక్కిన మరునాటికే బిడ్డ ముఖం సెల్‌ఫోనులో కనబడుతుంది. "తిన్నావా?" అని తల్లి అడుగుతుంది. "తిన్నానమ్మా" అంటుంది బిడ్డ. ఆ మాటతో ఇంటిల్లిపాది తృప్తిపడి పడుకొంటారు. నిజంగా తిన్నదా, చలికి తట్టుకొంటున్నదా, ఆ ఊరిలో తనను పేరుపెట్టి పిలిచేవారు ఒక్కరైనా ఉన్నారా అన్నది ఫోనులో కనబడదు.

ఈ విషయం ఆలోచించినప్పుడల్లా మాకు జ్ఞాపకం వచ్చే విద్యార్థిని ఒకామె ఉన్నది. సెల్‌ఫోనులు, విమానాలు లేని రోజులలో, 1883లో, పద్దెనిమిదేండ్ల వయస్సులో ఒంటరిగా అమెరికాకు వెళ్ళి వైద్యవిద్య చదివిన ఆనందీబాయి జోషి. ఆమె మన సంఘస్థురాలు కాదు. మహారాష్ట్ర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, హిందువుగానే వెళ్ళి, హిందువుగానే తిరిగివచ్చింది. అయినా ఆమె జీవితం మన క్రైస్తవ గృహాలను సూటిగా ఒక ప్రశ్న అడుగుతున్నది. అందుకే ఈ నెల ఆమెను గూర్చి వ్రాస్తున్నాము.

ఒక పత్రికలో అచ్చయిన ఉత్తరం

ఆనందీబాయి 1865లో పుట్టింది. తొమ్మిదవ ఏట ఆమెను గోపాలరావు జోషి అనే తపాలా ఉద్యోగికిచ్చి పెండ్లి చేశారు. ఆయన ఆమెకంటె ఇరవై ఏండ్లు పెద్ద, భార్య చనిపోయినవాడు. ఆడపిల్ల పుస్తకం పట్టుకోవడమే తప్పని ఎంచిన ఆ కాలంలో, తన భార్య చదువుకొని తీరాలని ఆయన పట్టుబట్టాడు. పద్నాలుగవ ఏట ఆమెకు కొడుకు పుట్టి, తగిన వైద్యం అందక పది రోజులకే చనిపోయాడు. మగ వైద్యుడికి చెయ్యి చూపించడానికి ఒప్పుకోక ఎందరు స్త్రీలు ప్రాణాలు పోగొట్టుకొంటున్నారో ఆమె ఎరుగును. తానే వైద్యురాలు కావాలన్న తలంపు ఆ దుఃఖంలోనుండే బలపడింది.

గోపాలరావు కొల్హాపూరులో ఉండగా, అమెరికాలో తనకు ఉద్యోగం, భార్యకు చదువు దొరికే ఉపాయం చెప్పమని మిషనెరీలను అడిగాడు. ఆ ఉత్తరం పూర్వం కొల్హాపూరులో పనిచేసి అమెరికాకు తిరిగిపోయిన వైల్డర్ దొరగారికి చేరింది. ఆయన దానిని తన పత్రిక 'మిషనరీ రివ్యూ'లో 1879లో అచ్చువేసి, క్రీస్తును ఒప్పుకొనవలెనన్న హితవుతో జవాబు చెప్పారు. ఆ భార్యాభర్తలు మతం మార్చుకోవడానికి ఇష్టపడలేదు. సంగతి అంతటితో ముగిసినట్లే కనబడింది.

అయితే న్యూజెర్సీ రాష్ట్రంలో రోసెల్ అనే చిన్న ఊరిలో కార్పెంటర్ దొరసాని అనే గృహిణి ఉన్నది. ఆమె మిషనెరీ కాదు, ధనవంతురాలు అని పేరుపడినదీ కాదు. 1880లో పంటి వైద్యుని యింట తన వంతు కోసం కూర్చొని, అక్కడ పడియున్న పాత పత్రిక తిరగవేసింది. అందులో ఈ ఉత్తరం కనబడింది. ఎవరో తెలియని దేశంలో ఎవరో తెలియని అమ్మాయి చదువుకోవాలని ఆశపడుతున్నదని తెలిసి, ఇంటికి వెళ్ళి ఆమెకు ఉత్తరం వ్రాసింది. ఏ షరతూ పెట్టలేదు. ఆ ఉత్తరాలు కొనసాగాయి. ఆనందీబాయి ఆమెను పిన్నమ్మ అని పిలిచింది. ఇక్కడ ఆనందీబాయి తలనొప్పితోను జ్వరంతోను బాధపడుతున్నదని తెలిసికొని ఆమె అక్కడనుండి మందులు కూడా పంపింది.

శ్రీరాంపూరులో ఒక సభ

తరువాత గోపాలరావుకు బెంగాలుకు బదిలీ అయింది. పరాయి స్త్రీ చదువుకోసం సముద్రం దాటుతుందన్న వార్త పాకగానే వీధిలో ఎగతాళి మొదలైంది. హిందువులు తప్పుపట్టారు. ఆమె క్రైస్తవురాలు కాదు గనుక కొందరు క్రైస్తవులూ తప్పుపట్టారు. అప్పుడు 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూరు కళాశాల హాలులో ఆమె సభ ముందర నిలువబడి మాట్లాడింది. విలియం కేరీ, ఆయన సహచరులు 1818లో స్థాపించిన కళాశాల అది.

అమెరికాకు ఎందుకు పోవాలి? ఇక్కడ చదువులేదా? ఒంటరిగా ఎందుకు? కులంలోనుండి వెలివేయరా? అక్కడ ఆపద వస్తే? ఏ స్త్రీ చేయని పని నీవెందుకు చేయాలి? జనం అడుగుతున్న ఈ ప్రశ్నలను తానే ఎత్తి ఒక్కొక్కదానికి జవాబిచ్చింది. మద్రాసులో వైద్య కళాశాల ఉన్నా అక్కడి చదువు చాలదన్నది. హిందువుగానే వెళ్ళి హిందువుగానే తిరిగివస్తానన్నది. పద్దెనిమిదేండ్లు నిండని పిల్ల అంతమంది ముందర తడబడకుండా మాట్లాడటం చూచినవారు ఆశ్చర్యపడ్డారు. కొందరు చందాలిచ్చారు. మిగిలినదానికి ఆమె నగలు అమ్ముకొన్నది.

ఏప్రిల్ 7న కలకత్తాలో ఓడ ఎక్కింది. భర్త వెంట రాలేదు. ప్రయాణం దాదాపు రెండు నెలలు. ఓడలో శాకాహారికి తగిన భోజనమే కరువు. జూన్ నెలలో న్యూయార్కు రేవులో దిగేసరికి కార్పెంటర్ దొరసాని ఎదురుచూస్తూ నిలువబడియున్నది. ఉత్తరాలలోని పిన్నమ్మ అప్పుడు మనిషిగా కనబడింది.

ఇల్లు, బడి, చలి

ఆ వేసవి అంతా ఆనందీబాయి రోసెల్‌లో వారింటనే ఉన్నది. ఆమె తినేది ఆమె తినవచ్చును, కట్టుకొనేది కట్టుకోవచ్చును, నమ్మేది నమ్మవచ్చును. చేరదీయడమంటే ఇదేనని మేము అనుకొంటున్నాము.

ఆ సంవత్సరం చివరి భాగంలో ఆమె ఫిలడెల్ఫియా నగరంలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరింది. స్త్రీలకు వైద్యం నేర్పడానికే 1850లో మొదలుపెట్టిన కళాశాల అది. ప్రధానాధికారిణి రేచల్ బాడ్లీ గారు ఆమెను ఆదరంతో చేర్చుకొన్నారు. కళాశాల ఉపకార వేతనం ఇచ్చింది. మగ వైద్యుల చేతికి పోవడంకంటె చావే మేలనుకొనే తన దేశపు స్త్రీలకు సహాయం చేయడమే తన కోరిక అని ఆమె దరఖాస్తు ఉత్తరంలో వ్రాసింది.

జపాన్‌నుండి కేయి ఒకామి, సిరియానుండి సబాత్ ఇస్లాంబూలీ అనే విద్యార్థినులు కూడా అక్కడ చదువుతున్నారు. 1885 అక్టోబరులో ముగ్గురూ తమ తమ దేశపు దుస్తులలో కలిసి తీయించుకొన్న ఫోటో ఈనాటికీ ఉన్నది. మూడు దేశాల పిల్లలు ఒకే బల్లమీద కూర్చొని మనిషి శరీరాన్ని గూర్చి చదువుకొన్నారు.

అయితే చలి ఆమెను వదలలేదు. తొమ్మిది గజాల మరాఠీ చీరకట్టు ఆ మంచుకు చాలలేదు. ఒళ్ళు పూర్తిగా కప్పేటట్లు గుజరాతీ పద్ధతిలో చీర కట్టడం మొదలుపెట్టింది గాని చీర మానలేదు. అద్దెగదిలోని నిప్పుగూడు సరిగా లేదు. వెలిగిస్తే పొగ, వెలిగించకపోతే వణుకు. బడినుండి వచ్చి తన వంట తానే చేసికోవాలి. ఒకసారి కంఠసర్పి జబ్బుతో మంచం పట్టింది. ఆ మూడేండ్లలో చదువు పెరుగుతూ వచ్చింది, ఒళ్ళు తరుగుతూ వచ్చింది.

ఉత్తరాలలోని మాటలు

దూరదేశానికి పోయినవారికి తమ ఇల్లు కొత్తగా కనబడుతుంది. ఆనందీబాయి ఉత్తరాలలో ఇది స్పష్టంగా ఉన్నది. చిన్నతనంలో చదువు పేరుతో భర్త తనను కొట్టిన దెబ్బలను గూర్చి ఆమె అమెరికానుండి ఆయనకే వ్రాసింది. పదేండ్ల పిల్లను ఏ చేతికందితే దానితో కొట్టడం, విడిచిపోతానని బెదిరించడం మంచిదా చెడ్డదా అని తానే ప్రశ్న వేసికొన్నది. దానివల్ల కలిగిన ఫలాన్ని చూస్తే మంచిదే కావచ్చు గాని, పసిమనస్సుకు జరిగే హానిని చూస్తే తప్పేనని మర్యాదగా, నిర్భయంగా తెలిపింది. ఒకే ఇంటిలో ఉన్నంతకాలం నోట రాని మాట వేల మైళ్ళ దూరంనుండి కాగితంమీదికి వచ్చింది.

ఇంకొక సంగతి మరింత బాధ కలిగిస్తుంది. అమెరికా స్త్రీల సభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆమె బాల్యవివాహ ఆచారాన్ని సమర్థించి మాట్లాడింది. తొమ్మిదవ ఏట పెండ్లి, పద్నాలుగవ ఏట కాన్పు, బిడ్డ మరణం అనుభవించిన ఆమె అట్లు మాట్లాడటం విన్నవారికి మింగుడుపడలేదు. మాకు మాత్రం కొంత అర్థమవుతున్నది. పరాయివారు మన ఇంటిని తక్కువచేసి చూస్తున్నారని తోచినప్పుడు, ఇంటిలో మనకు తగిలిన గాయాన్ని కూడా కప్పిపెట్టి ఇంటిని సమర్థిస్తాము. విదేశంలో చదివే మన పిల్లలు కూడా ఇట్లే చేస్తారు. అక్కడ మన గౌరవం కాపాడటానికి ఒక మాట, ఇక్కడ మన బెంగ తీర్చటానికి ఒక మాట చెబుతారు. ఆ రెండింటి నడుమ వారి అసలు కష్టం ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఎదురెదురు దారులు

ఇక్కడ మన గుంటూరు జిల్లావారు తెలిసికొనదగిన సంగతి ఒకటున్నది. ఆనందీబాయి చేరడానికి నాలుగేండ్ల ముందు, 1879లో, అదే కళాశాలనుండి ఒక యువతి వైద్య పట్టా పుచ్చుకొన్నారు. ఆమె అన్నా సారా కుగ్లర్. ఆనందీబాయి అమెరికాకు పోయిన 1883లోనే కుగ్లర్ దొరసానిగారు లూథరన్ మిషనెరీగా గుంటూరు వచ్చారు. ఒకామె మన దేశంనుండి ఆ కళాశాలకు, ఒకామె ఆ కళాశాలనుండి మన దేశానికి ఒకే సంవత్సరంలో ఓడ ఎక్కారన్నమాట.

కుగ్లర్ గారు తెలుగు నేర్చుకొని, మొదట ఇంటిదగ్గరనే మందులిచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె పేరుతో నేటికీ మన ప్రజలు ఆ ఆసుపత్రిని చెప్పుకొంటారు. పరదేశంలో ఆమెకు దాదాపు నలభై ఏడేండ్లు దొరికాయి. ఆనందీబాయికి అన్ని దినాలు దొరకలేదు.

పట్టా, ఆ తరువాత

1886 మార్చి 11న ఆనందీబాయి పట్టా పుచ్చుకొన్నది. హిందువుల ప్రసూతి వైద్యాన్ని గూర్చి ఆమె పరిశోధన వ్యాసం వ్రాసింది. ఆ దినాన సభలో కూర్చొని చూచినవారిలో పండిత రమాబాయి ఉన్నారు. ఆమె ఆనందీబాయికి బంధువు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొందినవారు. ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరు స్త్రీలలో ఒకరు క్రైస్తవురాలు, ఒకరు హిందువు. ఆ విశ్వాస భేదం రమాబాయిని ఇంగ్లండునుండి సముద్రం దాటి రాకుండా ఆపలేదు.

కొల్హాపూరు సంస్థానం తమ ఆసుపత్రిలోని స్త్రీల విభాగానికి ఆనందీబాయిని వైద్యురాలిగా రమ్మన్నది. కాని అప్పటికే క్షయ ఆమెను పట్టుకొన్నది. 1886 చివరిలో స్వదేశానికి వచ్చింది. 1887 ఫిబ్రవరి 26న పూనాలో, ఇరవైరెండేండ్లు నిండకముందే చనిపోయింది. ఆ ఆసుపత్రిలో ఒక్క రోగినైనా చూడలేదు.

ఆమె చితాభస్మం అమెరికాలోని కార్పెంటర్ దొరసానికి పంపారు. న్యూయార్కు రాష్ట్రంలో పోకీప్సీ అనే పట్టణంలో, తమ కుటుంబం సమాధి చేయబడే స్థలంలోనే ఆమె దానిని ఉంచింది. బ్రతికియుండగా ఇంటిలో చోటు, చనిపోయిన తరువాత సమాధి స్థలంలో చోటు.

మన ఇండ్లకు ఒక ప్రశ్న

తల్లిదండ్రులతో ఒక మాట. విదేశంలోని బిడ్డను మార్కులు ఎన్ని, జీతం ఎప్పుడు అని మాత్రమే అడగకండి. అమెరికాలో తరగతులు జరిగే కాలంలో విద్యార్థి కళాశాల ఆవరణలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ కొద్ది డబ్బుతో అప్పు తీరుతుందని లెక్కవేస్తే ఆ లెక్క బిడ్డ భోజనంలోనే కోత పెడుతుంది. గది వెచ్చగా ఉన్నదా, జ్వరమొస్తే పలికేవారెవరు, ఆదివారం ఎవరి యింటికైనా పోతున్నావా అని అడగండి. కష్టం చెప్పుకొంటే మనం కోపపడము, సిగ్గుపడము అని వారికి నమ్మకం కలగాలి.

సంఘాలతో ఇంకొక మాట. పరదేశినై యుండటం అమెరికాలోనే జరగనక్కరలేదు. అడవి పల్లెనుండి జిల్లా కేంద్రంలోని హాస్టలుకు వచ్చిన పిల్లకు ఆ పట్టణమే పరదేశం. ఒడిశానుండి, ఈశాన్య రాష్ట్రాలనుండి మన ఊళ్ళకు నర్సింగు చదువుకు వచ్చిన పిల్లలకు మన భాషే రాదు. వైల్డర్ దొరగారు హితవు చెప్పారు, దానిని మేము తప్పుపట్టము. కాని ఆ అమ్మాయిని ఒడ్డుకు చేర్చినది హితవు కాదు, ఒక గృహిణి తెరిచిన తలుపు.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత వెనుక వరుసలో కూర్చొన్న హాస్టలు పిల్ల ఎవరో చూడండి. పేరు అడగండి. ఏ సంఘమని, ఏ కులమని అడగకుండా భోజనానికి ఇంటికి తీసికొనిపోండి. తిన్నావా అని ఆమె తల్లి ఆ రాత్రి ఫోనులో అడిగినప్పుడు, తిన్నానమ్మా అన్న జవాబు నిజమై ఉంటుంది.