కమీషను సొమ్ముతో సదఖా

“ఇంటర్నెట్‌లో వస్తువులను సిఫారసు చేస్తే నాకు కమీషను వస్తుంది. దానిని స్టూవర్టుపురంలోని పేద పిల్లల చదువుకు ఇవ్వదలిచాను. వారు ముస్లిములు కారు. ఇది పుణ్యమేనా?” అని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు.

నిస్సందేహంగా పుణ్యమే. అయితే ముందు సంపాదన శుద్ధిగా ఉండాలి. కమీషను దళారీ శ్రమకు ప్రతిఫలం. వస్తువు హలాల్‌దై ఉండాలి, దాని లోపాన్ని దాచరాదు, తనకు ప్రతిఫలం ముడుతున్నదని కొనేవారికి తెలపాలి. అల్లాహ్ పరిశుద్ధమైన దానినే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. మోసపు సొమ్ము దానంతో శుద్ధి కాదు.

సదఖా జకాత్‌కు బదులు కాదు. నిసాబ్‌కు చేరి, ఏడాది నిండిన ధనంపై 2.5 శాతం జకాత్ విధి. అది ఖుర్ఆన్ పేర్కొన్న 8 వర్గాలకే చెందాలి. సదఖా ముస్లిమేతరులకూ ఇవ్వవచ్చు. మనతో శత్రుత్వం వహించని వారికి మేలు చేయడాన్ని అల్లాహ్ వారించలేదు (ఖుర్ఆన్ 60:8).

ఇక ఇచ్చే తీరు. నేరస్థ తెగల చట్టం కింద తెల్లదొరలు ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో ఆ చట్టం రద్దయినా, పుట్టుకతో అంటగట్టిన ముద్ర చెరగలేదు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ ముద్రను తుడిచేందుకే అక్కడ శ్రమించారు. “దొంగల ఊరికి సాయం” అంటూ ఫొటోలతో చాటుకుంటే మనం ఆ ముద్రనే మళ్లీ వేసినవారమవుతాము. ఎత్తిపొడుపు దానాన్ని వ్యర్థం చేస్తుంది (2:264).

ఫీజు కట్టండి, పేరు దాచండి. ఆ బిడ్డ తలెత్తుకొని బడికి వెళ్లాలి.